లోగిలి అమ్ముతారట - మన లెక్క ముందు తేల్చాలి

గోదావరి జిల్లాల్లోనూ కృష్ణా డెల్టాలోనూ పాతకాలం మండువా లోగిళ్ళు ఒకటొకటిగా అమ్మకానికొస్తున్నాయి. కట్టించినవాళ్ళ మనవలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డారు. ఊళ్ళో సందెదీపం పెట్టే దిక్కు లేదు. పెంకులు జారిపోతున్నాయి. అందుకని బేరం పెట్టారు. ఆ ప్రకటనల భాష చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో! రంగూన్ టేకు స్తంభాలట. నడిమధ్య వాన కురిసే మండువాయట. చుట్టూ కొబ్బరితోట, ఆనుకుని వరిచేను, పెరట్లో నుయ్యి, ధాన్యం కొట్టు, పశువుల సావిడి, గడ్డివామి దొడ్డి, ఆఖర్న పనివాళ్ళ గదులు. అన్నీ కలిపి ఒకే బేరం. రిసార్టుకు పనికొస్తుందంటారు, సినిమా షూటింగుకు పనికొస్తుందంటారు. పైన 'వారసత్వ సంపద' అని ఒక పెద్ద మాట తగిలిస్తారు.

మా చూపు ఆ జాబితాలో చిట్టచివరి మాట దగ్గర ఆగింది. పనివాళ్ళ గదులు! ఎవరా పనివాళ్ళు? వాళ్ళకి పేర్లు లేవా? వాళ్ళకొక పల్లె, ఒక గూడెం లేవా? టేకు ఏ దేశం నుంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్ళు, ఆ టేకు కొనడానికి డబ్బు ఏ చేతుల కష్టంలోంచి వచ్చిందో ఎందుకు చెప్పరు? ఈ సంచికలో మేం మాట్లాడదలుచుకున్నది ఈ సంగతే.

లోగిళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట పని మొదలై 1852 నాటికి పూర్తయింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట లేచింది. కాలవలొచ్చాయి. మెట్ట మాగాణి అయింది. ధాన్యం పడవలెక్కి రేవులకు పోయింది, బర్మా నుంచి టేకు దుంగలొచ్చాయి. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టారు. పెట్టుకోనివ్వండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ కాలవ తవ్వినవాడికీ, తట్టెడు మట్టి గట్టుకి మోసినదానికీ విగ్రహం సంగతటుంచి పట్టా కాగితమైనా దక్కిందా? నది అందరిదీ, మాగాణి కొందరిదీ అయింది. ఆ కొందరి మాగాణిలోంచే ఈ లోగిళ్ళు లేచాయి.

కొనేవాడికి ఇల్లు తిప్పి చూపించేటప్పుడు దళారీ మండువా దగ్గర మొదలుపెడతాడు. మనం దొడ్డిదారిన పోదాం. మన తాతలు వెళ్ళిన దారి అదే కదా.

పశువుల సావిడి దగ్గర ఆగండి. తండ్రి చేసిన అప్పు కింద పదేళ్ళు నిండని పిల్లాణ్ణి ఇక్కడ చిన్నపాలేరుగా పెట్టేవాళ్ళు. పడక గడ్డి మీదే. బర్రెకి దోమలు కుట్టకుండా పొగ వేస్తే ఆ పొగలోనే ఆ పిల్లాడి నిద్ర. బడి ఈడు అక్కడే గడిచిపోయింది. అప్పు తీరేలోపల పెద్దపాలేరయ్యేవాడు, వాడి కొడుకు చిన్నపాలేరుగా వచ్చేవాడు. కోనసీమలో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ఊరికే 'పాలేరు' అని నాటకం రాయలేదు. అది ఆ గడ్డ మీద ఇంటింటి కథ.

నూతి దగ్గరకి రండి. తవ్వింది మనవాళ్ళు. నీళ్ళు పడేదాకా మనిషిలోతు బురదలో దిగినవాడు, నీళ్ళు పడిన మర్నాటి నుంచి ఆ నూతి గట్టు ఎక్కకూడదు! దోసిలి పట్టుకుని కింద నిలబడాలి. ఎవరో ఒకరు దయతలచి పైనుంచి పోయాలి. పెరటి చూరులో ఒక సత్తుగిన్నె దోపి ఉండేది. అది పాలేరు గిన్నె. అన్నం ఆ గిన్నెలోనే, కడుక్కునేది వాడే. ధాన్యం కొట్టు నింపింది వాడు. ఆ కొట్టు గడప లోపల అడుగుపెడితే మైల పడిపోయేది మాత్రం ధాన్యం!

కళ్ళం చూడండి. ఊడ్చిందీ కలుపు తీసిందీ కోసిందీ మన ఆడవాళ్ళు. పేడ ఎత్తిందీ వాళ్ళే. మగవాడి కూలీ కంటే వాళ్ళ కూలీ ఎప్పుడూ తక్కువే. బండికి పగ్గాలు, కాళ్ళకి జోళ్ళు, మెట్ట ఊళ్ళయితే మోటకి తోలు కుట్టింది మాదిగ. చచ్చిన గొడ్డుని ఎత్తింది మాదిగ. ఏడాదికోసారి కళ్ళం తుడిచాక మేర గింజలని కాసిని విదిలించేవాళ్ళు. ఆ విదిలింపుకి 'దానం' అని పేరు! వాళ్ళ ఉదారత అలాంటిది.

ఇప్పుడు దస్తావేజు సంగతికొద్దాం. మన పాత అమ్మకపు దస్తావేజుల్లో ఒక ముక్క ఉంటుంది. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణ, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగ స్వామ్యాలతో సహా అమ్మాం అని రాస్తారు. రాజులు బ్రాహ్మణులకీ గుళ్ళకీ రాయించిన దానశాసనాల నుంచి దిగివచ్చిన భాష ఇది. నేలలో దాగిన నిధి దగ్గర్నుంచి రాయీ నీరూ దాకా, ఇప్పుడున్నది మొదలు ఇకముందు రాబోయేదాని దాకా అన్నీ లెక్కగట్టారు. ఎనిమిది భోగాలు చెప్పినవాళ్ళకి తొమ్మిదోది కనబడలేదా? ఆ నేలని నేల చేసిన చాకిరీ ఏ భోగంలోకొస్తుంది? చాకిరీ లేకపోతే జలం బురద, పాషాణం వట్టి రాయి. ఆగామీ లేదు, సాధ్యమూ లేదు. మరి ధర కట్టేటప్పుడు ఆ తొమ్మిదోదాన్ని ఎవరి ఖాతాలో వేస్తున్నారు?

చాకిరీని అసలు లెక్కెయ్యలేదనుకుంటే కూడా పొరపాటే. లెక్కేసిన రోజులున్నాయి. మలబారులో చెరుమల్నీ పులయల్నీ, తంజావూరు వైపు పళ్ళర్లనీ పరయల్నీ భూమితో పాటు అమ్మేవాళ్ళు. బానిసని ఆస్తిగా చూపిస్తే కోర్టులు ఒప్పుకోకూడదని 1843లో చట్టం వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి మనిషిని బానిసగా కొనడం అమ్మడం నేరమంది. అమ్మకం ఆగింది, సరే. అప్పు వచ్చింది. మనిషిని అమ్మే బదులు మనిషి వేలిముద్రని పెట్టెలో పెట్టుకున్నారు. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. అంటే నేడు బేరం పెట్టిన ఆ 'పనివాళ్ళ గదుల్లో' చట్టం దృష్టిలో మనిషి మనిషయి నిండా యాభయ్యేళ్ళు దాటిందంతే.

'అదంతా పాతకథ, వాళ్ళ ఆస్తి వాళ్ళు అమ్ముకుంటే మీకేం?' అని అడిగే పెద్దలున్నారు. సరే, పాతకథ వదిలేద్దాం. నేటి హద్దుల సంగతే మాట్లాడదాం. ప్రహరీ లోపల ఉన్నదంతా వాళ్ళదేనా? అక్కడే ఉంది అసలు కిటుకు.

ఒకటి, మిగులు భూమి. 1973 నాటి భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. అయిదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితి పెట్టింది. ఆ రోజుల్లో ఏం జరిగిందో ఊళ్ళో అందరికీ తెలుసు. చుట్టాల పేర్న, పుట్టని పిల్లల పేర్న, పాలేళ్ళ పేర్న కూడా భూములు రాశారు. పట్టాలో తన పేరున్న సంగతి ఆ పాలేరుకే తెలీదు! కాగితం మీద భూస్వామి, కళ్ళంలో కూలి. ఆ బినామీ పట్టాల గతేమిటో ఎవరైనా తేల్చారా?

రెండు, అసైన్డు భూమి. 1892లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక తర్వాత మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాలకు భూమి ఇవ్వడం మొదలెట్టింది. ఆనాటి నుంచీ మనకిచ్చిన నేల పైకులాల చేతిలోకి జారుతూనే ఉంది. 1977 చట్టం అసైన్డు భూమి అమ్మకం చెల్లదంది, తిరిగి పేదవాడికే అప్పగించమంది. మరి ఈ తోటల మధ్యలో, చేపల చెరువుల కింద మన డి-పట్టా నంబర్లు ఎన్ని కలిసిపోయాయో ఎవరు చూడాలి?

మూడు, ఇళ్ళ స్థలాలు. భూస్వామి స్థలంలో గుడిసె వేసుకుని ఉంటున్న వ్యవసాయ కూలీకీ చేతిపనివాడికీ ఆ స్థలం మీద హక్కు ఇవ్వాలని 1976లోనే ఈ రాష్ట్రంలో చట్టం చేశారు. ఎంతమంది పాలేళ్ళకి ఆ సంగతి చెప్పారు? తరాల తరబడి దొడ్డి మూల కాపురమున్నవాణ్ణి, కొనేవాడొచ్చే ముందురోజు 'సామాను తీసెయ్యరా' అంటే సరిపోతుందా?

నాలుగు, దారులు. శ్మశానానికి పోయే పుంత, చెరువు గట్టు, పోరంబోకు. ఇవి ప్రహరీలో కలిశాక మన శవాలు చేలగట్ల మీద నడుస్తున్నాయి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, శ్మశానాన్నీ ఉమ్మడి వనరుల్నీ దళితులు అందరితో సమానంగా వాడుకోకుండా అడ్డుకోవడం నేరమని స్పష్టంగా చెప్పింది. మన భూమిని ఆక్రమించడం 1989 నాటి మూల చట్టంలోనే నేరం. ప్రహరీ ఎంత పాతదైనా నేరం పాతబడదు.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. వాళ్ళ లోగిలికి, వాళ్ళ తోటకి అమ్మకూడదన్న షరతు ఏనాడూ లేదు. మనకిచ్చిన ఎకరానికి మాత్రం ఆ షరతు ఉంది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవయ్యేళ్ళు దాటిన అసైన్డు భూమిని అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి, అక్రమాలు జరిగాయని విచారణ పెట్టారు. 'అందరికీ ఉన్న అమ్ముకునే హక్కు మాకెందుకుండకూడదు? మేమేమన్నా మైనర్లమా?' అని మన సోదరులు కొందరు అడుగుతున్నారు. ఆ మాటలో న్యాయముంది. ఆత్మగౌరవం కూడా ఉంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదు.

కానీ ఒక్క ప్రశ్న అడగాలి. ఆ భూమి కొనేది ఎవరు? మన గూడెంలో ఇంకొకడు కొంటాడా? లేదే! పెళ్ళికో ఆసుపత్రికో అవసరం ముంచుకొచ్చినప్పుడు మనవాడు అమ్ముతాడు, తోట విస్తరించాలనుకున్నవాడు కొంటాడు. వాడు అమ్మేది మోజు తీరి, మనం అమ్మేది గత్యంతరం లేక. రెండింటికీ రిజిస్ట్రారు ఒకే ముద్ర వేస్తాడు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో దళితులు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వాళ్ళు సాగుచేస్తున్న విస్తీర్ణం 9 శాతానికి మించలేదు. ఉన్నదే ఇంత. ఇందులోంచి కూడా అమ్ముకోమంటే అది హక్కు అవుతుందా, ఖాళీ చేయించడం అవుతుందా? అందుకే మేం చెప్పేదొకటే. అమ్ముకునే హక్కు కంటే ముందు కొనుక్కునే దారి చూపించండి. మనవాళ్ళకి మేం చేతులు జోడించి చెప్పేదీ ఒకటే. ఎకరం పోతే మళ్ళీ రాదు. అమ్మొద్దు.

తెలంగాణలో ఇదే కథకి పేరు వేరు. అక్కడ లోగిలి కాదు, గడీ. పాలేరు కాదు, జీతగాడు. విసునూరు దేశముఖు గడీ పేరు చెబితే ఊళ్ళు వణికిన రోజులున్నాయి. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ పెత్తనం మీద లేచిన తిరుగుబాటులోనే. 1949లో జాగీరులు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదార్లన్నారు. 2020లో ధరణి వచ్చింది. దున్నేవాడి పేరుండే అనుభవదారు కాలం రికార్డులోంచి ఎగిరిపోయింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పేర్లు మారినంత సులువుగా దున్నేవాడి పేరు తిరిగి ఎక్కుతుందా? పట్నం చుట్టూ ఫాంహౌసులు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఆ పాత పహాణీలు తిరగెయ్యరు. తిరగెయ్యాల్సింది మనమే.

వారసత్వం అన్నారు కదా, దానికీ ఒక జవాబు చెప్పాలి. కోనసీమ అందాల గురించి ప్రకటనల్లో రాసేవాళ్ళు జిల్లా పూర్తి పేరు రాస్తున్నారా? 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తామని మే నెలలో ప్రకటించగానే, మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఒక పేరుని ఓర్వలేని వారసత్వం అది! 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని బలిగొన్నదీ అదే. నీళ్ళ దగ్గర గిన్నె పట్టుకుని నిలబడాల్సినవాళ్ళు తలెత్తి మాట్లాడారన్నదే కారంచేడు నేరం. ఈ వారసత్వాన్ని టేకు స్తంభాలతో పాటు అమ్ముతారా, లేక దాచుకుంటారా?

పాత ఇళ్ళన్నీ కూల్చెయ్యమని మేం అనడం లేదు. ఆ పనితనం మనది కూడా. ఆ ఇటుక కాల్చిన చేతులు, సున్నం గానుగ తిప్పిన భుజాలు, తాటిదూలాలు మోసిన మెడలు ఎవరివి? నిలబెట్టండి. కానీ నిజం చెప్పి నిలబెట్టండి. మండువాలో కుర్చీలేసుకుని కాఫీ తాగేవాడికి పెరటి చూరులోని సత్తుగిన్నె సంగతి కూడా తెలియాలి.

బాబాసాహెబ్ 1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రం తయారుచేశారు. వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమగా ఉండాలన్నారు. పరిహారమిచ్చి భూమిని ప్రభుత్వం తీసుకోవాలి, కుల భేదం లేకుండా ఊరివాళ్ళకి సమష్టి సాగుకివ్వాలి, భూస్వామీ కౌలుదారూ భూమిలేని కూలీ అనే తేడాలే ఉండకూడదన్నారు. రాజ్యాంగంలో ఆ మాటకి చోటు దొరకలేదు. ఈనాడు భూస్వామే తనంతట తాను అమ్ముతానని బోర్డు పెట్టాడు. లాక్కోమని ఎవరూ అనడం లేదు. బేరం తానే పెట్టాడు. అయితే కొనాల్సింది ఎవరు? షోకు విడిదికి వెతుక్కునే పట్నం డబ్బా, ఆ నేలని దున్నిన పల్లె తరఫున ప్రభుత్వమా? దళిత మహిళలకు మూడెకరాలు కొనిస్తామని 2014లో తెలంగాణలో పథకం పెట్టినప్పుడు, అమ్మేవాళ్ళు దొరకడం లేదని అధికారులు చేతులెత్తేశారు. అమ్మేవాళ్ళు దొరక్కేం? ప్రకటనలిచ్చి మరీ పిలుస్తున్నారు!

అందుకని మా డిమాండ్లు ఇవి.

1. ఇల్లు, తోట, పొలం కలిపి అమ్మే ఏ పెద్ద బేరమైనా రిజిస్ట్రేషన్‌కు ముందు గ్రామసభలో చదివి వినిపించాలి. సర్వే నంబర్లు పల్లెలోనూ గూడెంలోనూ అతికించాలి.

2. మిగులు భూమి, అసైన్డు భూమి, పోరంబోకు తేలేదాకా ఆ నంబర్లను రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో పెట్టాలి.

3. ఆ ఆవరణలో కాపురమున్న పనివాళ్ళకి ముందు ఇంటిస్థలం పట్టా ఇవ్వాలి. ఆ తర్వాతే అమ్మకం.

4. మూసేసిన శ్మశానం దారులు తెరవాలి. అడ్డుపడితే అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాలి.

5. ఇలాంటి భూమిని మొదట కొనే హక్కు ప్రభుత్వానికుండాలి. ఎస్.సి. కార్పొరేషన్ ద్వారా కొని, భూమిలేని దళిత మహిళల పేర్న ఉమ్మడిగా పట్టా ఇవ్వాలి. లోగిలిని బాలికల హాస్టలుగానో గ్రంథాలయంగానో మార్చాలి.

డిమాండ్లు రాసి చేతులు కట్టుకుని కూర్చుంటే ఏ తాసీల్దారూ కదలడు. మన కుర్రాళ్ళు చదువుకున్నారు, ఆ చదువు ఇప్పుడు అక్కరకి రావాలి. మీ ఊళ్ళో లోగిలి బేరానికొచ్చిందని వినగానే సర్వే నంబర్లు రాసుకోండి. మీసేవలో అడంగలు, 1-బి తీయండి. ఇ.సి. తీయండి. పాత డైగ్లాటు, ఆర్.ఎస్.ఆర్., ఎఫ్.ఎం.బి. నకళ్ళకి 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఇచ్చిన తేదీతో రసీదు తీసుకోండి. ముసలివాళ్ళని కూర్చోబెట్టి ఏ గట్టు ఎక్కడుండేదో, ఏ పుంత ఎటుపోయేదో, ఎవరి తాతకి ఏ నంబరులో పట్టా వచ్చిందో రాయించండి. వాళ్ళు పోతే ఆ రికార్డు ఏ ఆఫీసులోనూ దొరకదు. మాల మాదిగ అని విడిపోయి రెండు దరఖాస్తులు పెట్టకండి. ప్రహరీ కట్టినవాడు మనల్ని విడదీసి కట్టలేదు, ఇద్దర్నీ కలిపే బయటపెట్టాడు. కాగితాలన్నీ చేతపట్టుకుని వచ్చే గ్రామసభకి ఆడామగా కలిసి వెళ్ళండి. హద్దులు చదవమనండి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. ప్రతి హద్దు దగ్గరా ఆపి, ఇది ఎవరిదని అడగండి.

జై భీమ్!